ఏ సారీ చెప్పాలి?

జపాను భాష నాకు బడిలో రాలేదు. యుద్ధంలో మలయాలో జపాను సైన్యానికి పట్టుబడి, ఖైదీల క్యాంపు కంచె వెనక దెబ్బలు తింటూ నేర్చుకున్నాను. ఎమ్మిగనూరుకు తిరిగొచ్చాక ఎవరైనా దాని ఊసెత్తితే లేచి వెళ్లిపోయేవాణ్ణి. అయినా ఎవరో మా షావుకారు చెవిన వేశారు. ఆయనది ఆదోనిలో పత్తి వ్యాపారం, నేను ఆయన దగ్గర ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమాస్తాను. పంతొమ్మిదివందల యాభైల నడుమ జపాను నుంచి పత్తి కొనే ఆయన ఒకరు వస్తున్నారని తెలియగానే షావుకారు, "నువ్వుండావు కదప్పా, ఇంకేం భయం!" అన్నాడు.

ఆయన వచ్చే రోజు పొద్దున ఆదోని బస్సెక్కాను. దిగి వెనక్కి పోదామని రెండుసార్లు లేచాను.

వచ్చినాయన నా ఈడువాడే. మాటకు ముందు నవ్వు. ఆ నవ్వును నేను నమ్మలేదు. షావుకారు గోదాములో దూదిపోగును వేళ్ల మధ్య లాగి చూసి బాగుందన్నాడు. తర్వాత అదిమి కట్టిన పత్తి బేలు ఒకటి కోయమన్నాడు. బేలు గట్టిగా బిగియాలని పత్తి మీద నీళ్లు చిలకరించడం మావాళ్ల అలవాటు. ఎవడో మహానుభావుడు కుండలే కుమ్మరించినట్టున్నాడు, లోపలంతా తడి. షావుకారు మొహం మాడిపోయింది. "సారీ, సారీ" అన్నాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు అంతే. అతిథి నా వైపు తిరిగాడు.

"సెప్పప్పా, సారీ అని ఆయప్ప బాసలో సెప్పు!" అని షావుకారు తొందరపెట్టాడు.

ఏ సారీ చెప్పేది? ఇంగ్లీషువాడిది ఎంత సుఖం! కాలు తొక్కినా సారీ, ఇంట్లో మనిషి పోయినా సారీ, ఇవ్వనని చెప్పాలన్నా సారీ. జపానులో దేనికది వేరు. కాలు తొక్కితే సుమిమాసెన్. అది ఈ తడికి చాలదు. జన్నెన్ అంటే అయ్యో, ఇలా జరిగిందే అన్నట్టు, తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది. సరిగ్గా అతికేది ఒకటే, మోషివాకె అరిమాసెన్. చెప్పుకోవడానికి నా దగ్గర ఏ సాకూ లేదని. క్యాంపులో పొద్దునా సాయంత్రమూ నడుం వంచి మా చేత అనిపించిన మాట. దాన్ని మళ్లీ పలకనని యుద్ధం ముగిసి ఓడ దిగిన రోజే ఒట్టు పెట్టుకున్నాను.

"ఏమప్పా, నోరు పడిపోయిందా?" అని షావుకారు గదమాయించాడు.

జన్నెన్ అనేసి తప్పించుకుందామని నోరు తెరిచాను. నాకంటే ముందు నడుం వంగింది. మడమలు కలిశాయి, చేతులు తొడలకు అంటుకున్నాయి, వద్దనుకున్న మాటే అరుపుగా వచ్చేసింది. పనివాళ్లంతా ఆగి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎక్కడ నేర్చుకున్నారు?" అని ఆయన జపానులో మెల్లగా అడిగాడు.

"క్యాంపులో."

నేనింకా తల ఎత్తలేదు. కిందికి చూస్తున్న నా కళ్లకు ఆయన నడినెత్తి కనిపించింది. నాకంటే కిందికి వంగి ఆయన అదే మాట అన్నాడు, అరవకుండా, ఒక్కో అక్షరం విడివిడిగా.

షావుకారు నా భుజం పట్టి కుదిపాడు. "ఏంటికి వంగినాడప్పా? మనకేం సెప్తాన్నాడు?"

"మనకు గాదన్నా, నాకు సెప్పినాడు" అన్నాను.

ఆ మాట తెలుగులో చెప్పమని షావుకారు మళ్లీ మళ్లీ అడిగాడు. చెప్పబోతే ఏడుపొచ్చింది.