వడ్డీ లేని బంగారం

లాయ్‌కి లెక్కలు రావని ఎవరూ అనలేరు. వియత్నాంలోని బియెన్ హోవాలో బూట్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు మిషన్ తొక్కి, ఓవర్‌టైం డబ్బులో ఒక్క డాంగు కూడా వృథా చెయ్యకుండా కూడబెట్టిన మనిషి. నడుం పట్టేసి పని మానేశాక, ఆ సొమ్ముని భూమి మీద పెట్టాలనుకుంది. చేతిలో ఉన్నది మాత్రం కావలసిన దాంట్లో సగమే.

మిగతా సగానికి మూడు దారులు. బ్యాంకుకి వెళ్తే ఇంటి పత్రం తాకట్టు పెట్టాలి. మొదటి ఏడాది వడ్డీ తక్కువ, ఆ తర్వాత వాళ్ళ దయ. చిట్టీ పాడుకుందామంటే, కిందటేడే వీధిలో చిట్టీలు నడిపే ఆవిడ చెప్పాపెట్టకుండా ఉడాయించింది. ఇక మిగిలింది వదిన హ్వే బంగారం.

హ్వే లాయ్ మొగుడు తిన్‌కి అక్క. భర్త పోయాడు, పిల్లల్లేరు, బజారు వెనక అద్దె గదిలో ఉంటుంది. ముప్పై ఏళ్ళు చేపలమ్మి ఎనిమిది బంగారు బిళ్ళలు దాచుకుంది. ఒక్కోటి మూడు తులాల పైమాటే. మా వైపు అయినవాళ్ళ మధ్య బంగారం అప్పంటే కాగితం ఉండదు, వడ్డీ ఉండదు. ఎన్ని బిళ్ళలు తీసుకుంటే అన్ని బిళ్ళలూ తిరిగివ్వాలి, అంతే.

"తీసుకో. కానీ ఒక్క మాట," అంది హ్వే. "మీ పెరట్లో ఫ్యాక్టరీ పిల్లలకి గదులు కట్టి అద్దెకివ్వు. చివరి గది నాకు. బంగారం తిరిగివ్వక్కర్లేదు. నేను పోయాక ఆ గోడకే నా ఫోటో పెట్టి ఓ అగరొత్తి వెలిగించు. నాకింకెవరున్నారే?"

ఇంతకంటే మంచి బేరం ఏ బ్యాంకువాడిస్తాడు? లాయ్ ఒప్పుకోలేదు. గదుల అద్దెలు నత్తనడక అంది పైకి. ఆడపడుచుని చచ్చేదాకా పెరట్లో ఎవరు భరిస్తారన్నది లోపలి మాట.

పైగా ప్లాట్ల బ్రోకరు ఖోయ్ చెవిలో ఇల్లు కట్టుకున్నాడు. "గదులు కట్టి అద్దెలు ఏరుకుంటావా అక్కా? ఎయిర్‌పోర్టుకి కొత్త రోడ్డు పడుతోంది, పక్కనే ప్లాటు కొనిపడెయ్. రెండేళ్ళు కళ్ళు మూసుకో."

"మూసిన కళ్ళు మళ్ళీ తెరుస్తానా తమ్ముడూ?"

"తెరిచేసరికి రెట్టింపు!"

"బిళ్ళకి బిళ్ళ ఇచ్చేస్తాను వదినా, రెండేళ్ళలో," అంది లాయ్, హ్వే గదికి మళ్ళీ వెళ్ళి. హ్వే లేచి ఎనిమిది బిళ్ళలూ ఉన్న బిస్కెట్ల డబ్బా తెచ్చి ఇచ్చింది.

లాయ్ ప్లాటు కొంది కానీ, రోడ్డు ఆ పక్కకి రానే లేదు. ప్లాటు కొనేవాడు లేడు, ఖోయ్ ఫోనెత్తడు. బంగారం మాత్రం ఆగలేదు. నాలుగేళ్ళలో రెండున్నర రెట్లయింది. బజారుకి వెళ్ళినప్పుడల్లా నగల కొట్టు బోర్డు మీద ధర చూసి లాయ్ దాన్ని ఎనిమిదితో హెచ్చవేసుకునేది. బ్యాంకులో తీసుకుని ఉంటే అసలైనా అక్కడే ఉండేది. వడ్డీ లేదని మురిసిపోయి, అసలే పెరిగే అప్పు నెత్తికెత్తుకుంది.

అంతలో హ్వేకి కాలేయం చెడింది. లాయ్ ప్లాటు సగం ధరకి తెగనమ్మింది. ఆ డబ్బుకి మూడు బిళ్ళలొచ్చాయి. ఇల్లు అమ్మితే ఎనిమిదీ వస్తాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. తిన్ కూడా ఆ ఊసెత్తలేదు. సిగ్గులేని మనుషులు కారు, కానీ ఇల్లు ఇల్లే కదా.

ఆసుపత్రిలో రుమాలు విప్పి, "మూడే, వదినా," అంది.

హ్వే వాటిని వేలితో తడిమి చూసి, మళ్ళీ మూటకట్టి లాయ్ చేతిలోనే పెట్టింది. "నాకెందుకే ఇప్పుడు? డాక్టరు నెల అన్నాడు. ఆ గది కట్టించు."

"నువ్వు లేచొచ్చేసరికి కట్టించేస్తాను."

"నేనెక్కడొస్తాను? ఫోటోకి గోడ కావాలిగా."

పద్దెనిమిదో రోజున హ్వే పోయింది. గదికి అప్పటికి గోడలే లేచాయి, కప్పు పడలేదు. మేకు కొట్టి ఫోటో పెట్టేసరికి వాన మొదలైంది. లాయ్ దానిమీద ప్లాస్టిక్ పట్టా పట్టుకుని నిలబడి అగరొత్తి వెలిగించబోయింది. ఎన్ని అగ్గిపుల్లలు గీసినా అది అంటుకోలేదు.