ఏడో నెలలో లెక్కలు

మా అక్క మెదక్‌లోనే, మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉంటుంది. కిందటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం మామిడికాయలు ఇచ్చి వద్దామని పోయాను. ఏడో నెల కడుపుతో ఉన్న ఆమె కోడలు పదో తరగతి లెక్కల పుస్తకం ముందేసుకుని ఏడుస్తోంది.

"గిదేంది?" అన్నాను.

"యూదుల ఆడోళ్ళు కడుపుతోని ఉన్నప్పుడు లెక్కలు చేస్తరట. గందుకే వాళ్ళకు అందరు తెలివిగల్లోళ్ళే పుడతరట. వాట్సాప్‌ల వచ్చింది," అంది అక్క. "మంచిగొచ్చినవ్. కాలేజీల లెక్కలు చెప్పేదానివి, జర నువ్వన్న చెప్పు దీనికి."

ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది. "నాకు లెక్కలు చిన్నప్పటిసంది రావు చిన్నత్తమ్మా. పుట్టేది గూడ నా తీరుగనే మొద్దయితదా?"

నాకు ఒళ్ళు మండింది.

"యూదులను ఎన్నడన్న చూసినవా అక్కా?"

"నువ్వు చూసినవా?"

చూడలేదు. అయినా అక్కడ ఆగిపోతే నేను నేనెందుకవుతాను? "వాళ్ళల్ల లెక్కలు తప్పినోళ్ళు ఒక్కరు గూడ ఉండరా?"

"పొగుడుతున్న గదనే, తిడుతున్ననా?"

"పోయిన నెల ఇదే ఫోన్ పట్టుకొని, లోకాన్నంతా వాళ్ళే చాటుంగ ఆడిస్తున్నరన్నవ్. పొగిడినా తిట్టినా, మన అసోంటి మనుషులని మాత్రం అనుకోవు."

పోయిన నెల ఆమె ఆ మాటన్న రోజు చాయ్ తాగుతూ నేను కూడా "అయ్యుంటది" అన్నాను. అక్కకు అది గుర్తు లేనందుకు లోపల్లోపల సంతోషించాను.

తర్వాత నేను ఎప్పుడూ ఎత్తని సంగతి ఎత్తాను. అక్క ఎనిమిదిలో ఉండగా లెక్కల సారు ఆమెను బోర్డు ముందు నిలబెట్టి, సేద్యపోళ్ళ నెత్తికి లెక్కలు ఎక్కవని క్లాసంతా నవ్వించాడు. మర్నాటి నుంచి అక్క బడికి పోలేదు. అదే ఇంట్లో పుట్టిన నేను ఎమ్మెస్సీ దాకా చదివాను.

"ఆ సారు గూడ గిట్లనే గదా అక్కా, అందరినీ ఒక్క గాటన కట్టింది."

అక్క ముఖం చిన్నబోయింది. నా నోటికి తాళం లేదని మా అమ్మ ఊరికే అనలేదు. అక్క కోడలి చేతిలోని పెన్సిల్ తీసేసి, పుస్తకం మూసింది.

"నాకు దొరకనిది దీని కడుపున పడ్డదానికన్న దొరుకుతదనుకున్ననే," అంది.

కోడలు ఇంకా నా వైపే చూస్తోంది. ఆమెకు జవాబు కావాలి.

"లెక్కలు రానోళ్ళు మొద్దులని ఎవరన్నరు? నువ్వీ ఇంటికొచ్చి ఏడాది గాలేదు. మా అక్క అసోంటిదాంతోని దినాం వేగుతున్నవ్. గంతకన్న తెలివేం గావాలె?"

పిల్ల కిసుక్కున నవ్వింది. అక్క నన్ను కొరకొరా చూసి, కోడలి పొంగిన పాదాలు ఒళ్ళోకి తీసుకుని పిసకసాగింది.

"మరి ఆ యూదులల్ల గూడ లెక్కలు రానోళ్ళుంటరంటవా?" అంది.

"ఉంటరు. నీ అసోంటి అత్తలు గూడ ఉంటరు."

అక్క పిసకడం ఆపింది.

"అయితే పాపం, గా కోడండ్లు," అంది.