బొండానికి తామర మూత

కార్లలో వాడే ప్లాస్టిక్ భాగాలను కంప్యూటర్లో గీయడం నా ఉద్యోగం. అందం సంగతి చూసే డిజైనర్లు ముందు ఒక పైపొర తయారుచేసి ఇస్తారు. దాన్ని స్టైలింగ్ సర్ఫేస్ అంటారు. దానికి రూపమే తప్ప మందం ఉండదు. మందం ఇచ్చి, వెనక బలానికి పట్టీలు వేసి, అచ్చులోంచి ఊడి వచ్చేలా గోడలకు కాస్త వాలు పెట్టేది నేను. ఇంట్లోంచే చేస్తాను కాబట్టి, పి.గన్నవరంలో మా వీధి లెక్కన నేను ఖాళీగా ఉన్నవాణ్ణి.

అందుకే పక్కింటి బాబాయిగారు నా దగ్గరికి వచ్చారు. ఆయన గల్ఫ్‌లో చాలాకాలం పనిచేసి వచ్చారు. మళ్లీ వీసా వచ్చింది, వచ్చే నెలాఖరులోగా ఏజెంటుకు పాస్‌పోర్టు ఇవ్వాలి. ఈలోగా ఆయన తలపెట్టిన వస్తువు తయారైతే వెళ్లరు, ఇక్కడే దాన్ని అమ్ముకుంటారు. ఆ వస్తువు, చెక్కిన కొబ్బరి బొండానికి మూత. కారులో పట్టుకెళ్లినా నీళ్లు ఒలకకూడదు. దాని రూపం అప్పటికే ఫ్లెక్సీల షాపులో గీయించేశారు. ఐదు రేకల తామరపువ్వు. రేకల కొసలు లోపలికి వంగి బొండాన్ని పట్టుకుంటాయి.

"దీనికి మందం లేదు బాబాయిగారూ" అన్నాను.

"మందం లేని వస్తువేంటబ్బాయ్? నీడా?"

"ఆయ్, ఇంచుమించు నీడేనండి."

నేను పద్ధతి తప్పను. వెర్నియర్ కాలిపర్స్ పెట్టి ముప్పై బొండాలు కొలిచాను. ఏ రెండూ ఒకలా లేవు. మధ్యరకం కొలత తీసుకుని, మందం పెట్టి, రేకల దగ్గర ఆగిపోయాను. అచ్చు రెండు ముక్కలుగా, తిన్నగా తెరుచుకుంటుంది. లోపలికి వంగిన రేక దాన్ని పట్టుకుని వదలదు.

ఈ మాట ఆయన మొహం మీద చెప్పాలి. మా వైపు పెద్దవాళ్లతో కాదనడం కంటే వాళ్ల పెరట్లో కాపుకొచ్చిన చెట్టు కొట్టేయడం తేలిక.

"రేకలు కాస్త తగ్గిద్దామాండీ?" అన్నాను.

"తగ్గిస్తే పువ్వెక్కడుంటాది? మూతే మిగుల్తాది."

"మనక్కావల్సింది మూతే కదండీ."

"చదువుకున్నోళ్లకి మూతలే కనబడతాయి" అని నవ్వారు.

నేనూ నవ్వేసి ఇంటికొచ్చాను. ఇరవై మూడు అంశాల జాబితా రాసి, ఫైలుతో పాటు వాట్సాప్‌లో పంపాను. పదిహేడో అంశం: "రేకల లోపలి వంపు విషయం వీలైతే ఒకసారి పునరాలోచించగలరు." జవాబుగా జోడించిన చేతుల బొమ్మ వచ్చింది. బాబాయిగారు ఆ ఫైలు అచ్చు చేసే ఆయనకు ఇచ్చారు. ఆయన నాకు ఫోన్ చేసి, రేకలు ఇలాగే ఉండాలా, పార్టీ ఒప్పుకున్నారా అని అడిగితే, "అన్నీ రాసిచ్చానండి" అన్నాను. అందులో అబద్ధం లేదు.

మొదటి మూతలు పోసిన రోజు బాబాయిగారు ఓ పాలిథిన్ కవరు తెచ్చి మా అరుగు మీద బోర్లించారు. అంచులు చిరిగిన బిళ్లలు ఐదు.

"లాగితే మూతొచ్చింది. రేకలు అచ్చులోనే ఉండిపోయేయి."

వెనకే వచ్చిన పిన్నిగారు ఒక బిళ్ల తిప్పి చూశారు. "ఇడ్లీ రేకు గుంట పైకి వెడల్పుగా ఉంటాది కాబట్టి ఇడ్లీ ఊడొస్తాదండీ. మూతి ముడుచుకుపోతే ఎలా వస్తాది?"

బాబాయిగారు నా వైపు తిరిగారు. "నీకు ముందే తెల్సా?"

"పదిహేడో అంశంలో రాశానండి."

"పదిహేడా! ఒకటోదేంటి?"

"రంగండి. ముదురాకుపచ్చా, లేతాకుపచ్చా అని."

పిన్నిగారు బిళ్లను అరుగు మీద పెట్టి, ఇంటికి వెళ్లిపోయారు.

అచ్చు మళ్లీ చేయాలంటే నెల పడుతుంది. పాస్‌పోర్టుకు నాలుగు రోజులే గడువుంది. ఆయన ఇచ్చేశారు. తిడితే బాగుండేది. "పోన్లే అబ్బాయ్, పనితనం ఉన్నోడివి" అని నన్నే ఓదార్చారు.

ఆయన గల్ఫ్ వెళ్లాక, రేకలు లేకుండా మూత గీసి పంపాను. ఈసారి జాబితా పెట్టలేదు. అక్కణ్ణించి వెంటనే జవాబు వచ్చింది: "బోడిగా ఉందబ్బాయ్. రెండు ఆకులైనా పెట్టు, లోపలికి వంచి."

"కుదరదండి" అని ఒక్క మాట టైపు చేసి పంపడానికి నాకు పావుగంట పట్టింది.