మూత తీయని కెమెరా

పీరయ్య తండ్రి పాలమూరు నుంచి వచ్చి, నారాయణగూడలో ఒక కాలేజీ మూడో అంతస్తుకు ఇటుకలు మోశాడు. ముప్పై ఏళ్ల తర్వాత అదే అంతస్తులో పీరయ్య అటెండరయ్యాడు. ఏటా వార్షికోత్సవంలో ఎవరో ఒకరు ఈ సంగతి మైకులో చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. ఆ చప్పట్లు విన్నప్పుడల్లా పీరయ్యకు నోట్లో ఉమ్మి ఊరేది. మింగేసేవాడు.

కాగితాల మీద అతని పని గాజుసామాను కడగడం, గదులకు తాళాలు వేయడం. నిజానికి స్పెక్ట్రోస్కోపీ ల్యాబు నడిచేది అతని చేతుల మీదే. నీటిచుక్క మీద లేజర్ కాంతి వేస్తే చాలా కొద్దిగా, మిణుకుమంటూ వెలుతురు తిరిగొస్తుంది. దాన్ని రంగులుగా విడదీసి, ఏ గీత ఎక్కడ పడిందో చూస్తే ఆ నీటిలో ఏం కలిసిందో చెప్పవచ్చు. ఆ గీతను పట్టుకునేది చివర బిగించే కెమెరా. పాత కెమెరా రెండేళ్ల కిందటే చచ్చింది. కొత్తది కొనాలని ఉత్తరాలు రాసీ రాసీ హెడ్డు జగదీశ్వర్ గారికి ప్రమోషన్ కూడా వచ్చింది, కెమెరా మాత్రం రాలేదు.

పీరయ్య పదో తరగతి తప్పినవాడు. అయినా సాయంత్రం కాలేజీ వదలగానే చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి, డిక్షనరీ పక్కన పెట్టుకుని కెమెరాల మీద పుస్తకాలు చదివేవాడు. అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు అక్కడ కుర్చీల కోసం పొద్దున్నుంచే సంచులు వేసి ఉంచుతారు. నెరిసిన మీసంతో మధ్యలో కూర్చున్న ఇతన్ని చూసి వాళ్లకు నవ్వు.

"అంకుల్, గ్రూప్ వన్నా, గ్రూప్ టూనా?"

"గ్రూప్ లేదు బిడ్డా, వాచ్‌మన్ పోస్టు. నువ్వు రిటైరయినంక నీ బంగ్లా ముంగట."

కెమెరా మీద పీరయ్యకు అంత పట్టుదల ఎందుకంటే, అది తన ఇంటి నీళ్ల సంగతి. అతని ఇల్లు అంబర్‌పేట్ దిక్కు, మూసీ ఒడ్డు బస్తీలో. రోడ్డు మీది నల్లా నీళ్లు సరిపోక అక్కడివాళ్లంతా బోరు నీళ్లే తాగుతారు. ఏడాదిగా ఆ నీళ్లు మందు గోలీల వాసన కొడుతున్నాయి. పీరయ్య భార్య మాసమ్మకు చేతుల మీద దద్దుర్లు లేచి, గోకి గోకి పుండ్లయ్యాయి. మూసీలో కలిసిన మందుల మీద పరిశోధన చేస్తున్న మహిత ఆ ల్యాబులోనే పనిచేస్తుంది. సోమవారం సోమవారం ఆ అమ్మాయికి మూసీ నీళ్లు సీసాల్లో మోసుకొచ్చేది పీరయ్యే. వాటి పక్కన తన బోరు నీళ్ల సీసా కూడా ఒకటి పెట్టాడు. బస్తీ ఆడవాళ్లకు మాటిచ్చాడు: "కొత్త కెమెరా రానీయండ్రి. నీళ్లల్ల ఏముందో కాలేజీ ముద్రతోని కాగితం తెస్త."

చివరికి కంపెనీ మనిషి ఫణీంద్ర రెండు కెమెరాలు తెచ్చి, వారం రోజులు చూసుకొమ్మని వదిలిపెట్టాడు. ఒకటి మొద్దుగా, నల్లగా ఉంది. మెగాపిక్సెళ్లు తక్కువ, కానీ లోపలి డిటెక్టర్‌ను సున్నాకు డెబ్బై డిగ్రీల కిందికి చల్లబరుస్తుంది. రెండోది వెండిరంగులో మెరిసిపోతుంది. ఇరవై మెగాపిక్సెళ్లు. చల్లబరచడం లేదు.

చల్లదనం ఎందుకో పీరయ్య మాసమ్మకు చెప్పాడు. "బారాత్ బ్యాండు పక్కన నిలవడి ఎవరో చెవుల గుసగుస పెడ్తే ఇనవడ్తదా? వేడికి కెమెరా లోపట్నే గా బ్యాండు మోగుతుంటది. వెలుతురు లేకున్నా చుక్కలు పుట్టిస్తది. చల్లగ జేస్తె బ్యాండు బందయితది."

బోరు నీళ్లు పెట్టి పదేసి నిమిషాలు వెలుతురు పట్టారు. వెండి కెమెరాలో చీమలు పారినట్టు చుక్కలే చుక్కలు. నల్ల కెమెరాలో, మూడుసార్లు తీస్తే మూడుసార్లూ, ఒకే చోట సన్నటి గీత నిలబడింది.

మహిత కుర్చీలోంచి లేచింది. "అన్నా, ఇది నొప్పుల గోలీ గీతనే. మీరు తాగే నీళ్లేనా ఇవి?"

పీరయ్య ఆ గీత పడిన కాగితాన్ని ప్రింటు తీసి, మడిచి, లైబ్రరీ కార్డు వెనక పెట్టుకున్నాడు.

కెమెరా ఎంచుకోవడానికి కాలేజీ సెక్రటరీ ఉదయ్ కుమార్ స్వయంగా వచ్చాడు. చిక్కడపల్లిలో నల్లాలు, టైల్సు అమ్మే పెద్ద దుకాణం ఆయనది. ల్యాబు బల్ల మీద, సీసాల మధ్యే, చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టించుకున్నాడు. బిస్కెట్టు ముంచితే సగం విరిగి కప్పులో పడింది. వేలు పెట్టి తీసి తిన్నాడు.

"రూముకు పోయినేడే ఏసీ పెట్టిచ్చినం గద. మళ్ల కెమెరాకు సపరేట్ కూలింగ్ ఏంది? ఒక్కదానికి రెండుసార్లు కొన్నరని ఆడిట్లో పట్టుకుంటరు."

"అదీ ఒక పాయింటే సార్," అన్నాడు జగదీశ్వర్. ఈ కాంతి మీదే డాక్టరేటు తెచ్చుకున్న మనిషి.

పీరయ్య ఉండబట్టలేకపోయాడు. "సార్, జర ఒక్క నిమిషం." రెండు కెమెరాలకూ మూతలు పెట్టి, చీకట్లోనే పదేసి నిమిషాలు తీసి ఉంచిన ఫొటోలు రెండూ తెర మీద పెట్టాడు. నల్ల కెమెరాది శుభ్రంగా, నల్లటి పలకలా ఉంది. వెండి కెమెరాది నిండా తెల్లచుక్కలు, ఒక మూల పొగలాంటి మెరుపు.

ఉదయ్ కుమార్ ముందుకు వంగాడు. "ఇంక చూసేదేముందయ్యా? దీంట్ల ఏం పడ్తలేదు, ఖాళీ. ఇది చూడు, ఎన్ని వచ్చినయో!"

"సార్, రెండిటికీ మూత పెట్టే ఉంది."

"అదే కదా నేననేది. మూత పెడ్తనే ఇంత పడ్తుంటే, తీస్తె ఎంత పడ్తదో!"

పీరయ్య జగదీశ్వర్ ముఖంలోకి చూశాడు. ఆయన చాయ్ కప్పులోకి చూస్తూ, "సార్ చెప్పినదాంట్లో లాజిక్ ఉంది," అన్నాడు. తెలియక అన్నవాణ్ని క్షమించవచ్చు. తెలిసి తలూపినవాడి నోరు చూస్తే పీరయ్యకు నోట్లో ఉమ్మి ఊరింది, మింగేశాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే ఫ్లైఓవర్ కింద ఫణీంద్ర సిగరెట్ తాగుతూ కనిపించాడు.

"నీకు తెల్వదా తమ్మీ, ఏది పనికొస్తదో?"

"ఎందుకు తెల్వదన్నా? కస్టమర్‌ను తప్పు అంటే నా కొలువుంటదా? నువ్వు పరేషాన్ గాకు. చాయ్ తాగుతవా?"

పీరయ్య తాగలేదు.

వెండి కెమెరా వచ్చిన రోజు పూజ చేశారు. పూజారి కుంకుమ బొట్టు తెచ్చి సరిగ్గా కెమెరా అద్దం మధ్యలో పెట్టబోతే పీరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. బొట్టు అతని అరచేతికి అంటింది. అందరూ నవ్వారు.

బోరు నీళ్లు పెడితే గీత కనపడలేదు. ఎన్నిసార్లు పెట్టినా చీమలే. మహిత రిపోర్టులో "ఈ కెమెరాతో గీత కనిపించలేదు" అని నిజమే రాసింది. జగదీశ్వర్ దాన్ని కొట్టేసి, "నీటిలో మందులు లేవు" అని రాశాడు.

"సార్, కనబడకపోవుడు వేరే, లేకపోవుడు వేరే," అన్నాడు పీరయ్య.

"నాకు తెలుగు నేర్పుతున్నవా? సెక్రటరీ గారు ఆదివారం మీ బస్తీకి వచ్చి ఈ కాగితం చేతికిస్తరు. ఫొటోగ్రాఫర్ కూడా వస్తుండు. పెద్దమనిషి వస్తుంటే సంతోషపడు. రిపోర్టుకు జతచేయాలె, ఫొటో ఇంకోసారి తీసి షీట్ పెట్టు."

బయట వరండాలో మహిత తల దించుకుంది. "నాకు వచ్చే నెల థీసిస్ సబ్‌మిషన్ ఉందన్నా. ఏమనుకోకు." పీరయ్య ఏమీ అనుకోలేదని చెప్పాడు. అనుకున్నాడు.

ఆ సాయంత్రం అతను సీసా బిగించి, లేజర్ వేసి, కెమెరా మూత తీయకుండానే పది నిమిషాలు ఫొటో తీశాడు. షీట్‌లో "తీసిన పరిస్థితులు" అనే గడి ఒకటి ఉంటుంది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ చదివినట్టు అతను చూడలేదు. అందులో గుండ్రటి తెలుగు అక్షరాలతో, "కెమెరా మూత వేసి ఉంది" అని రాశాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు. మర్నాడు జగదీశ్వర్ ఫోన్ మాట్లాడుతూనే సంతకం చేశాడు. ముద్ర పడింది.

ఆదివారం బోరు పక్కన టెంటు వేశారు. మూసీ గాలికి ఉదయ్ కుమార్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఫొటో కోసం మాత్రం తీసి, "మీ నీళ్లల్ల మందులు లేవు! భయపడొద్దు!" అని చదివాడు. చప్పట్లు. మాసమ్మ ఖాళీ బిందె పట్టుకుని ముందు వరసలోనే ఉంది. కాగితాలు పీరయ్య చేతికిచ్చి ఫొటోగ్రాఫర్ వైపు తిరగమన్నారు.

పీరయ్య తిరగలేదు. "అక్కలారా, ఎనక ఇంకో కాయిదం ఉంది. సార్ చదువుడు మర్చిపోయిండు," అని, గడిలోని మాట పైకి చదివాడు. కెమెరా మూత వేసి ఉంది.

మాసమ్మే అడిగింది.

"మూత ఏస్తె ఫొటోల ఏం పడ్తది?"

"ఏం పడదు."

"మరి నీళ్లు సూసిందెవ్వరు?"

సెక్రటరీ పక్కనే నిలబడ్డ జగదీశ్వర్ కాగితం లాక్కుని చూశాడు. సంతకం తనదే. ముఖం సున్నం కొట్టినట్టయింది. "పీరయ్యా, రేపటి సంది కాలేజీ మెట్లెక్కకు," అన్నాడు.

పీరయ్య నోట్లో ఊరింది. పక్కకు తిరిగి ఉమ్మేశాడు. జేబులోంచి లైబ్రరీ కార్డు, దాని వెనక మడతలు అరిగిన ప్రింటు తీసి మాసమ్మకు చూపించాడు. "గీత పడ్డది ఇది. చల్లటి కెమెరాది. దీని మీద ముద్ర లేదు మరి."

మాసమ్మ పుండ్లు పడ్డ వేళ్లతో ఆ సన్నటి గీతను తడిమింది.

"ముద్ర తాగుతమా?" అంది. బిందె చంకన పెట్టుకుని నల్లా ఉన్న రోడ్డు వైపు నడిచింది. ఆమె వెనక ఇంకో బిందె కదిలింది, ఆ వెనక ఇంకొకటి. ఫొటోగ్రాఫర్ ఎటు తిరగాలో తెలియక సెక్రటరీ వైపు చూశాడు.