సిద్దమ్మ ముప్పైతొమ్మిదో రాయి

పెనుకొండలో సిద్దమ్మ ఉలి తగలని రోలు లేదనేవాళ్ళు. రోళ్ళకూ తిరగళ్ళకూ గంట్లు పెడతామంటూ హిందూపురం నుంచి ధర్మవరం దాకా వీధివీధినా అరిచిన గొంతు ఆమెది. ఇప్పుడు ఇంటింటికీ మిక్సీ వచ్చింది. ఆమధ్య హిందూపురంలో ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఆమెను గేటు దగ్గరే ఆపి, రోలంటే ఏమిటని అడిగాడు. ఆ రోజు ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

అలాంటి మనిషికి ఫోను వీడియోలో ఒక తెల్లాయన కనిపించాడు. చెకుముకి రాయిని రెండు పక్కలా పల్చగా చెక్కి ఈటె మొన చేశాడు. చివర్న దాని మొదలు మీద ఒకే ఒక్క దెబ్బ వేశాడు. మొన నడుమ పొడుగునా పెచ్చు లేచి నున్నటి గాడి పడింది. అందులోకి కర్ర దిగేసి నారతో కట్టాడు. ఆయన మాటలు అర్థం కాకపోయినా సిద్దమ్మకు ఆయన చేతులు అర్థమయ్యాయి. ఇదేం బ్రహ్మవిద్య అనుకుంది.

తాడిమర్రి దగ్గర కాలువ తవ్విన చోట ముప్పైతొమ్మిది చెకుముకి రాళ్ళు ఏరుకొచ్చింది. ముప్పైఎనిమిది ఆ ఆఖరి దెబ్బకే నడిమికి విరిగాయి. నలభై ఏళ్ళలో ఒక్కరి రోలూ పగలగొట్టని మనిషికి తల కొట్టేసినట్టయింది.

మొగుడు తిమ్మప్పకు మాత్రం రోజూ పండగే.

"ఏమ్మే, ఈటె ఎత్తుకోని యాడికి పోతాండావు, యాటకా? చికెన్ అంగడి ఆడనే ఉండాది కదా."

"నోరు మూసుకోని తిను."

"ఇంగొకటే ఉండాది. అదీ ఇరిగితే నీ ఉలులన్నీ గుజిరీకి ఏసేస్తా. సరేనా?"

కోపంలో సరే అనేసింది. ఆ ఉలులు వాళ్ళమ్మ ఇచ్చినవి.

మర్నాడు పొద్దున్నే పాత ఇనుము కొనే నబీసాబ్ బండి వాకిట్లో నిలబడింది. తిమ్మప్పే పిలిపించాడు, పెళ్ళాం మీద అంత నమ్మకం.

సిద్దమ్మ బండ మీద కూర్చుని, ఆఖరి రాయితో చెక్కిన మొనను తలకిందులుగా అరికాళ్ళ మధ్య పట్టింది. మొదలుకు రాగి కడ్డీ ఆనించి సుత్తి ఎత్తింది. ఎత్తిన చేయి అలాగే ఆగిపోయింది. తెల్లాయన మొన కింద మెత్తగా తోలు మడత వేసుకున్నాడని అప్పుడు గుర్తొచ్చింది. తనేమో రోలు అలవాటు కొద్దీ ముప్పైఎనిమిదింటినీ గట్టి బండకే ఆనించి కొట్టింది. దెబ్బ బండకు తగిలి తిరిగొచ్చి రాయిని విరుస్తోంది. ఇంత తెలివితక్కువ పని చేసినందుకు తనను తనే తిట్టుకుంది.

పక్కనే తిమ్మప్ప పళ్ళెంలో రాత్రి మిగిలిన రాగిసంగటి ముద్ద, దాని మీద ఊరిబిండి పచ్చడి. ముద్దను లాక్కుని మొనను అందులో గుచ్చింది.

"అది నా సంగటి," అన్నాడు తిమ్మప్ప.

కడ్డీ మీద సుత్తి టక్కుమంది. పొడుగాటి పెచ్చు ఎగిరి ఊరిబిండిలో పడింది. మొన విరగలేదు.

"ఇంతకీ ఇనుము ఇస్తారా లేదా అబ్బా?" అన్నాడు నబీసాబ్. కాసేపు చూసి బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

తిమ్మప్ప మొనను తీసుకుని గాడిలో బొటనవేలు పెట్టాడు. వేలు ఎక్కడా తట్టుకోకుండా చివరిదాకా జారింది. ఇంకోసారి జార్చి చూశాడు. మొనను జాగ్రత్తగా ఆమె ఒళ్ళో పెట్టి, ముద్దలోంచి రాతి పొడి ఏరుకుంటూ కూర్చున్నాడు.

"రేపట్నించి రెండు ముద్దలు చెయ్యి," అన్నాడు. "ఒగటి నాకు."