తగ్గిన నూట పదమూడు

ప్రేమ్‌సాగర్‌కు ప్రోగ్రాములు రాయడం కాలేజీలో వచ్చింది. వాటికి భయపడడం మాత్రం నాయిన సోమన్న దగ్గర వచ్చింది. సోమన్న కొత్తకోట చుట్టుపక్కల ఊళ్లలో బావులు తవ్వేవాడు. రాతిలో తూటాలు పెట్టి, వత్తులంటించి పైకొచ్చాక, గడ్డ మీద కూర్చుని పేలుళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేవాడు. ఏడు పెడితే ఏడూ పేలాలి. ఆరే వినిపిస్తే ఆ రోజుకు పని బంద్. బావి ఆసామి ఎంత తిట్టినా దిగేవాడు కాదు.

"ఒకటి తక్కువొచ్చిందంటే అది యాడికీ పోలేదు బిడ్డా, లోపల్నే ఉంది," అనేవాడు.

ఆ పని చేసి కూడా సోమన్న చివరికి తన మంచంలోనే నిమ్మళంగా పోయాడు. అందరికీ దక్కే అదృష్టం కాదది.

కొడుకు కొత్తకోటలో, హైవే పక్కన, టైర్ల దుకాణం మీద ఒక గది కిరాయికి తీసుకుని చిన్న చిన్న దవాఖానలకు ప్రోగ్రాములు రాస్తాడు. పదేళ్లలో తిన్న దెబ్బలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. 'కాపీ తీసిపెట్టకుండా పాతది ముట్టొద్దు.' 'శనివారం సాయంత్రం ఏదీ మార్చొద్దు.' 'పనిచేస్తోందని సంబరపడకు, ఎందుకు పనిచేస్తోందో చెప్పగలవా?' తోటివాళ్లు ఆ పుస్తకం చూసి నవ్వేవారు. పిరికివాడని పేరు పడింది. అంతటి పిరికివాడూ ఒక్కసారి ధైర్యం చేశాడు. చేయకపోతే బాగుండేది.

ఒకే రోగి పేరు రెండు మూడు సార్లు ఎక్కుతోందని, అతని ప్రోగ్రాము వాడే ఒక దవాఖాన డాక్టరమ్మ విసుక్కుంది. పేరు, ఊరు, పుట్టిన తేదీ మూడూ కలిస్తే ఒకే మనిషి కింద కలిపేసేలా శుక్రవారం రాసిచ్చాడు. నాలుగు వేల మూడు వందల పన్నెండు పేర్లు కాస్తా నాలుగు వేల నూట తొంభై తొమ్మిదయ్యాయి. నూట పదమూడు తగ్గాయి! ఎంత చెత్త ఊడ్చానో అనుకుని, ఆ మధ్యాహ్నం బిర్యానీ తెప్పించుకుని మరీ తిన్నాడు. సోమన్న కడుపున పుట్టినవాడు, లెక్క తగ్గితే బిర్యానీ తిన్నాడు.

సోమవారం పొద్దున తల్లి మైసమ్మ ఫోన్ చేసింది. నవ్వుతోంది.

"సాగరూ, మీసేవ కాడున్న. లైన్లున్న ముసలోళ్లమందరం జనవరి ఒకటికే పుట్టినమంట! ఆధార్ తీసినప్పుడు పుట్టిన దినం ఎర్కలేదంటే వాడే ఏదో రాసిండు గద. మన ఊరి గుర్వమ్మలిద్దరికైతే పుట్టిన సాలు సుత ఒకటేనంట."

ప్రేమ్‌సాగర్ కుర్చీలోంచి లేచాడు. పేరు, ఊరు, పుట్టిన తేదీ మూడూ కలిశాయి. తల్లి కార్డు మీది జనవరి ఒకటిని తానే ఎన్ని కాగితాల్లో ఎక్కించాడో!

"ఇద్దరూ ఆడనే ఉన్నరా?"

"పెద్ద గుర్వమ్మ ఉంది. చిన్నామె జరమొచ్చి పొద్దుగాల్నే దవాఖానకు పోయింది."

చిన్న గుర్వమ్మకు పెన్సిలిన్ సూది పడదు. రెండేళ్ల కింద అదే సూదికి ఊపిరాడక చావు దాకా వెళ్లొచ్చింది. ఆమె పేరు తీస్తే తెర మీద ఎర్రపట్టీ వచ్చేలా పెట్టింది ప్రేమ్‌సాగరే. ఇప్పుడు ఇద్దరినీ కలిపేశాడు. కలిపినప్పుడు మిగిలినవి పెద్ద గుర్వమ్మ వివరాలే. ఎర్రపట్టీ పోయింది.

దవాఖానకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. స్కూటర్ తీసి హైవే మీద రాంగ్ రూట్లో పోయాడు. లారీవాళ్ల తిట్లు చెవికెక్కలేదు. చంపేశాను, ఆమెను నేనే చంపేశాను అనుకుంటూనే పోయాడు.

చిన్న గుర్వమ్మ మంచం మీద పడుకుని ఉంది. కళ్లు మూసి ఉన్నాయి. పక్కన ట్రేలో సూది ఉంది.

"సూది ఇచ్చిండ్రా?" అరిచాడు.

నర్సు సుచరిత ఉలిక్కిపడింది. "ఎందుకన్నా గట్ల ఒర్లుతున్నవ్? కంప్యూటర్ల ఏం లేదు గానీ, మీ ఊర్ల ఇద్దరున్నరని నాకెర్క. ఏ గుర్వమ్మవమ్మా అని అడిగిన. సూది పడని గుర్వమ్మను అన్నది. డాక్టరమ్మ వేరే మందు రాస్తాంది."

గుర్వమ్మ కళ్లు తెరిచి, "మైసమ్మ కొడుకువు గదా, గిట్ల చెమటలేంది బిడ్డా?" అంది. అతను నేల మీద కూలబడి ఏడ్చాడు.

ఆ పూటే డాక్టరమ్మకు తప్పు ఒప్పుకున్నాడు. తీసిపెట్టుకున్న కాపీతో అన్నీ మళ్లీ విడదీశాడు. సుచరిత ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగితే, కలిసిపోయిన నూట పదమూడింట్లో ముప్పై ఎనిమిది వేరే మనుషులవని తేలింది. తెర మీద 'ఎవరింటి మనిషి?' అని కొత్త గడి పెట్టాడు. నోటుబుక్కులో మాత్రం నాయిన మాటే రాసుకున్నాడు: 'లెక్క తగ్గితే దిగొద్దు.'

నిరుడు మైసమ్మకే జ్వరమొచ్చి అదే దవాఖానలో చేరింది.

"ఏ మైసమ్మవమ్మా?" అడిగింది సుచరిత.

"గీ కంప్యూటర్ల రాసిన సాగర్ తల్లిని," అంది ఆమె గర్వంగా.

సుచరిత సూది తీసింది. ప్రేమ్‌సాగర్ ఆమె చెయ్యి ఆపి, తెర మీది వరుసలన్నీ వేలు పెట్టి చదివాడు. మళ్లీ చదివాడు.

"నువ్వు రాసిందే గద కొడకా, ఇంకేం భయం?"

"నేను రాసిందే అమ్మా," అన్నాడు, మూడోసారి మొదటి నుంచి చదువుతూ.