చేత్తో రెండు చుట్లు

వేర్‌హౌస్‌లో బ్రేక్‌లో ఉండగా పక్కింటి ఆంటీ ఫోన్ చేశారు. "బాబూ, మీ అంకుల్ లేరు. పొద్దున లేపితే లేవలేదు," అన్నారు. ఆ వెంటనే అన్నారు: "కారు ఇంకా జాక్ స్టాండ్ల మీదే ఉంది కదా, ఇప్పుడెలా?"

బయటివాళ్ళకు ఆ మాట వింతగా అనిపిస్తుంది. నాకు అనిపించలేదు. ముందు శనివారమే ఆయనా నేనూ కలిసి ఆ కారు ముందు చక్రం ఊడదీసి, టైమింగ్ బెల్టు విప్పాం. కొత్త వాటర్ పంప్ తప్పుది వచ్చింది. మార్చి తెప్పించి వచ్చే వారం బిగిద్దామనుకున్నాం. ఆ కారు కదిలితేనే ఆంటీ స్కూల్ కిచెన్‌లో డ్యూటీకి వెళ్ళగలరు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వీధి నుంచి ఆ స్కూల్‌కు బస్సు లేదు.

సంతాప సభలో ఆయన్ని మహానుభావుడన్నారు. అన్నవాళ్ళలో సగంమంది ఆయన ఉద్యోగం పోయిన ఏడాది ఒక్కసారైనా తలుపు తట్టలేదు. నాకు ఒళ్ళు మండింది. అంకుల్ మహానుభావుడేం కాదు. మొండివాడు. నట్లు విప్పే నా పదో నంబర్ సాకెట్ తీసుకుని తనదే అని వాదించేవాడు. ఫోన్‌లో వీడియో చూస్తుంటే మధ్యలో ఆపి, వీడియోలోవాడిని తిట్టేవాడు. కానీ ఈ దేశంలో నన్ను "ఏ కంపెనీ, ఏ వీసా" అని అడగకుండా "తిన్నావా" అని అడిగిన మొదటి మనిషి.

ఆయన నాకు పరిచయమైంది కూడా బెల్టు దగ్గరే. నేను వాళ్ళ పక్కింటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. నా పాత కారుకు బెల్టు మార్చే గడువు ఎప్పుడో దాటిపోయింది. మా కార్ల ఇంజన్లలో బెల్టు తెగితే వాల్వులు వెళ్ళి పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఇంజన్ పోతుంది. ఇంజన్ పోతే నా షిఫ్ట్ పోతుంది. మెకానిక్ దగ్గరకు వెళ్ళే స్తోమత లేక, వీడియోలు చూసి, మంచు పక్కకు తోసి డ్రైవ్‌వేలోనే విప్పాను. అంతకుముందు రాత్రంతా పెట్టెలు మోసి ఉన్నాను. సూపర్‌వైజర్ మీద కోపం, చలి మీద కోపం, నట్ల మీద కోపం. ఎలాగో బిగించి తాళంచెవి అందుకున్నాను.

"ఆగు ఆగు. చేత్తో తిప్పావా?"

చూస్తే మంకీ టోపీ, చేతిలో స్టీలు గ్లాసులో టీ. పక్కింటాయన.

"ఏం గాదు అంకుల్, నడుస్తది."

"నడుస్తది అని నువ్వంటే చాలదు నాయనా, ఇంజన్ అనాలి. ముందు రాట్చెట్ పానా పెట్టి ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పు. తాళంచెవి చివర."

"మీరు మెకానిక్కా?"

"కాదు. ఒక ఇంజన్‌ని చంపినవాణ్ణి. తొందరపడి."

విసుక్కుంటూనే తిప్పాను. ఒక చుట్టు కూడా పూర్తి కాలేదు, గోడకు తగిలినట్టు ఆగిపోయింది. బెల్టు పళ్ళు తప్పి కూర్చుంది. అదే తాళంచెవి తిప్పి ఉంటే అంతే. ఆయన టీ గ్లాసు నాకిచ్చి, "మా గరాజ్‌లోకి తోద్దాం పద. ఇక్కడ నీ వేళ్ళు పనికిరావు," అన్నాడు.

ఆ తర్వాత ఆ గరాజ్‌లో చాలా బళ్ళు విప్పాం. కొత్తగా వచ్చిన స్టూడెంట్లవి, గుడి పంతులుగారిది. బెల్టు పనిలో అన్నిటికన్నా కష్టం గుర్తులు కనపడటం. ఇంజన్ పక్కన బెల్టు తిరిగే పై చక్రం మీద, కింది చక్రం మీద చిన్న చిన్న గాట్లుంటాయి. అవి సరైన చోట నిలవాలి. నూనె మురికిలో ఆ గాట్లు కనిపించవు, అంకుల్‌కు అసలే చత్వారం. ఆయన కనిపెట్టిన ఉపాయం ఆంటీ స్టిక్కర్ బొట్లు. గాటు మీద ఎర్ర బొట్టు అతికిస్తే టార్చ్ వెలుగులో ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది.

మొదటిసారి అది తుస్సుమంది. బొట్టు పెట్టాక ఆయనే శుభ్రంగా ఉండాలని పైనుంచి క్లీనర్ స్ప్రే కొట్టాడు. జిగురు కరిగి బొట్లు రెండూ జారి నూనె పళ్ళెంలో పడ్డాయి. ఏ గాటు ఎక్కడో తెలియక మధ్యాహ్నం దాకా వెతుక్కున్నాం. భోజనానికి పిలవడానికి వచ్చిన ఆంటీ నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు.

"నా బొట్ల ప్యాకెట్ ఏమైందా అనుకుంటున్నాను. ఇంజన్‌కి పెళ్ళిచూపులా?"

"నీ బొట్టు నిలవడం లేదే, నాసిరకం."

"పాతికేళ్ళుగా నా నుదుటన నిలుస్తోంది. మీ చేతుల్లోనే ఉంది నాసి."

నవ్వీ నవ్వీ నాకు ఆ రోజు అలసట తెలియలేదు. అప్పటినుంచి ముందు తుడవడం, ఆరబెట్టడం, తర్వాతే బొట్టు.

ఆయన పోయాక కాలిఫోర్నియా నుంచి కొడుకు వచ్చాడు. చెడ్డవాడు కాదు. గరాజ్‌లో కారు చూసి, "అమ్మా, ఇది జంక్ అమ్మా. టో వాడిని బుక్ చేశాను, లాక్కెళ్ళడానికి మండే వస్తాడు. నువ్వు నాతో శాంటా క్లారా వచ్చెయ్," అన్నాడు.

"నాకు డ్యూటీ ఉందిరా."

"హౌ విల్ యూ గో అమ్మా? కార్ లేదు కదా."

ఆంటీ నా వైపు చూశారు. ఆ నుదురు బోసిగా ఉంది. వచ్చిన చుట్టాల్లో ఎవరో పెద్దావిడ తీయించిందట. ఏమైనా అందామని నోటిదాకా వచ్చింది. ఆ ఇంట్లో అది నేననాల్సిన మాట కాదు. "అన్నా, ఆదివారం ఒక్కరోజు ఇయ్యి," అని మాత్రం కొడుకుతో అన్నాను. "స్టార్ట్ గాకపోతే నేనే తోస్తా టో బండి మీదికి."

శనివారం రాత్రి షిఫ్ట్ దిగి, ఆదివారం పొద్దున నేరుగా గరాజ్‌కు వెళ్ళాను. కళ్ళు మూసుకుపోతున్నాయి. ఆంటీ టార్చ్ పట్టుకుని నిలబడ్డారు. "ఎక్కడిదాకా చేశారు ఆయన?" అని అడిగారు. టార్చ్ ఆ వైపు తిప్పించాను. పై చక్రం మీద ఒక ఎర్ర బొట్టు, కింది చక్రం మీద ఒకటి. ఆయన అతికించి వెళ్ళినట్టే ఉన్నాయి.

మార్చి తెప్పించిన వాటర్ పంప్ బిగిస్తుంటే నా మోచెయ్యి తగిలి పైబొట్టు ఊడింది. నేల మీద ఎక్కడో పడింది. నాకు ఏడుపొచ్చింది, బూతూ వచ్చింది. రెండూ మింగాను. ఆంటీ టార్చ్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళారు. బొట్ల ప్యాకెట్‌తో వచ్చారు. నేను గాటు చూపిస్తే బొటనవేలితో తనే అద్ది అతికించారు. చాలాసేపు వేలు తీయలేదు.

బెల్టు ఎక్కించాను. బెల్టును లాగి పట్టే టెన్షనర్ బిగించాను. కొడుకు లోపలి తలుపు దగ్గర నిలబడి తాళంచెవి ఊపుతున్నాడు. "ట్రై చేయనా?"

"తాళంచెవి చివర," అన్నారు ఆంటీ. ఆయన గొంతే.

రాట్చెట్ ఆమెకిచ్చాను. మెల్లగా తిప్పారు. కింది చక్రం రెండు చుట్లు తిరిగితే పై చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. పై బొట్టు కిందికి దిగింది, కవర్ చాటుకు వెళ్ళిపోయింది. ఎక్కడైనా ఆగుతుందేమోనని ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఆగలేదు. అవతలివైపు నుంచి ఎర్రగా పైకి వచ్చి, గాటు దగ్గర నిలబడింది. కింది బొట్టు కూడా దాని చోటికి అదే వచ్చింది.

మిగతావి బిగించాక కొడుకే స్టార్ట్ చేశాడు. కాసేపు గురగురమని, ఇంజన్ అందుకుంది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. టో కంపెనీకి అతనే ఫోన్ చేసి వద్దన్నాడు.

సోమవారం ఆంటీ డ్యూటీకి వెళ్ళారు. నుదుటన బొట్టు ఉంది. చుట్టాలింకా ఇంట్లోనే ఉన్నారు, ఎవరూ ఏమీ అడగలేదు. అడుగుతారేమోనని నేను డ్రైవ్‌వేలోనే నిలబడి ఉన్నాను మరి.

కారు వెళ్ళాక నా సామాను తీసుకోవడానికి గరాజ్‌లోకి వెళ్ళాను. ఆయన మోకాళ్ళ కింద వేసుకునే అట్టముక్క ఇంకా అక్కడే ఉంది. దాని అంచున, ఆదివారం ఊడిపడిన బొట్టు అతుక్కుని ఉంది. పదో నంబర్ సాకెట్ దాని పక్కనే దొరికింది. రెండూ తీయలేదు.